తొమ్మిదో ప్రశ్న దగ్గర

జూన్ 22

ముందు ఆ రోజు సంగతి రాసేస్తాను. ఒకసారి రాస్తే మళ్ళీ మళ్ళీ వరస తలుచుకోనక్కర్లేదు.

జూన్ తొమ్మిది, సోమవారం. ఐదున్నరకి లేచాం. దుర్గ కాఫీ పెట్టింది. కనకాలపేట సర్వే ఫారం తుది రూపు లింకు తన ఫోన్‌కి పంపాను. నేను తయారుచేసిన ఏ ఫారమైనా తుది రూపుకొచ్చాక మొదట నింపేది తనే. కాగితాల రోజుల నుంచీ అంతే. తను ఎప్పుడూ తనలా నింపదు. తెలిసినవాళ్ళెవరో ఒకరిగా నింపుతుంది. ఒకసారి పాలాయన, ఒకసారి వాళ్ళ స్కూల్లో ఆయా. ఆ రోజు, మా ఇంటికి చేపలు తెచ్చే సత్యవతమ్మగా నింపుతానంది. వరండా మెట్టు మీద కూర్చుని నింపింది. తొమ్మిది నిమిషాల ఫారానికి పదహారు నిమిషాలు పట్టింది.

"ఒకచోట బాగోలేదండి," అంది.

"ఎక్కడ?"

"సాయంత్రం చెప్తాను. ఇప్పుడు చెప్తే స్నానం మానేసి దాని మీద కూర్చుంటారు."

ఏడున్నరకి ఇడ్లీ తిన్నాం. తను రెండే తింది. ఎనిమిదిన్నరకి స్కూల్‌కి బయల్దేరుతూ ఛాతీ పట్టేసినట్టుందంది. గ్యాస్ అన్నాను. నేనే అన్నాను. తొమ్మిదింటికి చెమటలు పట్టాయి. పక్కింటి లూయిస్ కారు తీశాడు. యానాంలో చూసి కాకినాడ తీసుకెళ్ళమన్నారు. తాళ్ళరేవు దాటాక నా చేతిలో తన చెయ్యి బరువెక్కింది. కాకినాడలో డాక్టరు గోడ గడియారం వైపు చూసి టైం రాసుకున్నాడు. పదీ నలభై.

సాయంత్రం అయింది. ఎక్కడ బాగోలేదో చెప్పలేదు.

నిన్నటితో కర్మ పూర్తయింది. చుట్టాలు వెళ్ళిపోయారు. మాకు పిల్లల్లేరు. ఇల్లు ఊడ్చాను.

జూన్ 23

దుర్గ ఫోన్ చార్జింగ్ పెట్టాను. పాత మోడల్, చిన్న స్క్రీన్. ఫారం అలాంటి ఫోన్లో ఎలా కనిపిస్తుందో చూడటానికి కావాలి.

జూన్ 25

పనిలో కూర్చున్నాను.

సర్వే ఇరవయ్యో తేదీనే మొదలైంది. వాయిదా వేద్దామా సార్ అని తేజస్విని అడిగింది. వద్దన్నాను. నా దగ్గర రెండేళ్ళుగా చేస్తోంది, కాకినాడ అమ్మాయి, లింకులు పంపడం, లెక్కలు చూడటం అన్నీ తనే.

సర్వే చేయిస్తున్న సంస్థవాళ్ళు చేపలమ్మే ఆడవాళ్ళ కోసం పొద్దున్నే ఒక వ్యాన్ నడుపుతామంటున్నారు. ఇంటి దగ్గర గంపతో ఎక్కించుకుని యానాం మార్కెట్లో దింపుతుంది. చేపల గంప చూస్తే ఆటోవాళ్ళు ఆపరు. నీళ్ళు కారుతాయి, వాసన. అందుకని నెత్తిన మోసుకుంటూ నడుస్తారు. పక్కనున్న మెట్టకూరు జవాబులు వచ్చేశాయి, ఆ ఊరికి వ్యాన్ ఖాయం. కనకాలపేటలో పేర్లిచ్చినవాళ్ళు 212 మంది. వాళ్ళలో 150 మంది ఫారం పూర్తిచేస్తేనే ఆ ఊరిని లెక్కలోకి తీసుకుంటారట. గడువు జూలై 31.

ఈ రోజుకి పూర్తిచేసినవాళ్ళు 31. సగంలో వదిలేసినవాళ్ళు 29.

29 ఎక్కువ. చాలా ఎక్కువ.

జూన్ 26

ఫోన్ చార్జింగ్.

జూన్ 27

29 మందిలో 24 మంది ఒకే చోట ఆగారు. తొమ్మిదో ప్రశ్న దాటిన వెంటనే. మనిషి ఏ పేజీలో ఎంతసేపు ఉందో, ఎక్కడ వెనక్కి వెళ్ళిందో కంప్యూటర్ రాసిపెడుతుంది. ఈ ఆడవాళ్ళు తొమ్మిదిలో 'వివాహిత' అని నొక్కారు. తర్వాతి పేజీలో భర్త చేసే పని అడుగుతుంది. అక్కడ రెండు నిమిషాలు, మూడు నిమిషాలు ఉన్నారు. వెనక్కి వెళ్ళారు. మళ్ళీ ముందుకొచ్చారు. వెళ్ళిపోయారు.

మేలో ఇదే ఊళ్ళో ఇరవై మందితో ముందస్తు పరీక్ష చేశాం. ఇరవై మందీ పూర్తిచేశారు. ఒక్కరు ఆగలేదు. అందుచేత ప్రశ్నలో తప్పు లేదు. పేజీ నెమ్మదిగా తెరుచుకుంటోంది. ఆ పేజీలో పనుల జాబితా పెద్దది. అదే అయ్యుంటుంది.

జూన్ 28

ఏడింటికి సత్యవతమ్మ గేటు దగ్గర కేకేసింది. "టీచరమ్మగారింటో... బాబూ!" తలుపు తీయలేదు. మీటింగ్ ఉంది.

మీటింగ్ పదకొండింటికి.

జూలై 1

పనుల జాబితాని కుదించాం. పద్దెనిమిది నుంచి ఏడుకి. అక్షరాలు పెద్దవి చేశాం. పేజీ రెండు సెకన్లలో తెరుచుకుంటోంది.

దుర్గ ఫోన్లో చూశాను. బాగా కనిపిస్తోంది. తాళం నంబరు మా పెళ్ళిరోజు. ఆ సంగతి నాకిప్పుడే తెలిసిందంటే నవ్వుతారు.

జూలై 3

రేషన్ కార్డు వివరాలు ఆన్‌లైన్‌లో సరిచూసుకోమని మెసేజ్ వచ్చింది. కూర్చుని చేసేశాను. వివాహితుడు అన్న చోట నొక్కాను. భార్య ఫోన్‌కి ఓటీపీ పంపామంది. తన ఫోన్ పక్కనే ఉంది. ఆరు అంకెలు. కొట్టాను. వివరాలు నమోదయ్యాయి, ధన్యవాదాలు అంది.

అయిదు నిమిషాల పని. ఇలాంటి ఫారం ఎలా ఉండాలో వాళ్ళని చూసి నేర్చుకోవాలి.

జూలై 6, ఆదివారం

లూయిస్ చర్చిలో పూజ అవగానే ఇటే వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతోనే వంటింట్లోకి వెళ్ళి గిన్నెల మీద మూతలు తీసి చూశాడు.

"ఏరా పాపారావ్, అన్నం ఒక్కటే ఉంది. కూరేది?"

"ఊరగాయ ఉంది."

"రెండు వారాలుగా ఊరగాయేనా? మనిషివా, జాడీవా?"

నవ్వాను. చాలా రోజులకి. వాడు గమనించనట్టు నటించాడు. వాళ్ళావిడ పంపిన రొయ్యల కూర పెట్టి, నేను తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. టేబుల్ మీద చార్జింగ్‌లో ఉన్న ఫోన్ వంక చూశాడు.

"అది దుర్గదిగా?"

"టెస్టింగ్‌కి."

"ఊఁ," అన్నాడు. గుచ్చి గుచ్చి అడగలేదు. వాడికి స్కూలు రోజుల నుంచీ ఉన్న మంచి గుణం అది.

జూలై 9

పూర్తిచేసినవాళ్ళు 54. వదిలేసినవాళ్ళు 47. జాబితా కుదించినా, అక్షరాలు పెంచినా ఏమీ మారలేదు. ఇంకెంత మిగిలిందో చూపించే పచ్చగీత పైన పెట్టాం. అదీ పనిచేయలేదు.

మేలో ఎందుకు ఆగలేదు? అదే ఊరు. అవే ప్రశ్నలు. అవే ఫోన్లు.

జూలై 10

తేజస్విని ఫోన్ చేసింది.

"సార్, టెస్ట్ రికార్డులు తీసేసి ఫైల్ శుభ్రం చేస్తున్నాను. మొత్తం పద్నాలుగున్నాయి. తీసేయమంటారా?"

"0001 ఉంచు."

"అది మేడంగారిది కదా సార్."

"అవును."

"చూశారా సార్? చివర్లో వ్యాఖ్యల పెట్టెలో ఏదో రాసున్నట్టుంది. నేను చదవలేదు. మీరే ముందు..."

"చూస్తాను," అన్నాను.

జూలై 11

చూడలేదు. పని ఎక్కువగా ఉంది.

జూలై 13

మంచి వార్త. నిన్న, మొన్న ఒక్కరు కూడా మధ్యలో ఆగలేదు. పదకొండు మంది మొదలుపెట్టారు, పదకొండు మందీ పూర్తిచేశారు. పచ్చగీత ఫలితం కొంచెం ఆలస్యంగా కనిపించిందన్నమాట. సంస్థకి మెయిల్ పెట్టాను, సమస్య పరిష్కారమైందని.

రెండ్రోజులుగా గాలి, వాన. బట్టలు ఆరలేదు.

జూలై 15

మళ్ళీ ఆగుతున్నారు. నిన్న ఆరుగురు. ఈ రోజు నలుగురు. తొమ్మిదో ప్రశ్న దగ్గరే.

మెయిల్ తొందరపడి పెట్టాను.

జూలై 16

ఫోన్ చార్జింగ్.

ఏటికి కొత్త వరద ఎర్రనీళ్ళు వచ్చాయట. లూయిస్ చూసొద్దాం రమ్మన్నాడు. వెళ్ళలేదు. దుర్గ ప్రతి ఏడూ మొదటి ఎర్రనీళ్ళు చూడాలనేది.

జూలై 17

ఈ రోజుది కొంచెం పెద్దగా రాయాలి.

పొద్దున్న ఆరింటికి కాగితం మీద ఒక గీత గీశాను. 68 అయ్యాయి, 82 కావాలి, రోజులు పద్నాలుగు. గదిలో కూర్చుని అంకెలు చూస్తే ఇది తేలదని నా దగ్గర సర్వే పని నేర్చుకునేవాళ్ళకి ఎన్నోసార్లు చెప్పాను. మనిషి పక్కన కూర్చోండి, ఫారం నింపుతుంటే చూడండి, నోరు మూసుకోండి అని. పదిన్నరకి స్కూటర్ తీసి కనకాలపేట వెళ్ళాను. సత్యవతమ్మ పేరు ఆగిపోయినవాళ్ళ జాబితాలో ఉంది.

మార్కెట్ నుంచి అప్పుడే వచ్చింది. ఖాళీ గంప గుమ్మం పక్కన బోర్లించి ఉంది. నన్ను చూసి లేవలేదు.

"వచ్చావా బాబూ. నీ తలుపు తీయించలేక చచ్చాను. నువ్వే మా తలుపు కొట్టాల్సొచ్చింది చూశావా?"

"మీటింగుల్లో ఉండి..."

"రోజూనా? పొద్దున్న ఏడింటికా?"

మంచం మీద జాగా చూపించింది. కూర్చున్నాను. కోడలు వెంకటలక్ష్మి మంచినీళ్ళు తెచ్చింది. దుర్గ దగ్గర చదువుకుందట ఐదో తరగతి దాకా. చెంబు నా చేతికిస్తూ మొహం పక్కకి తిప్పుకుంది.

"టీచరమ్మ కబురు తెలిసిన రోజు మార్కెట్‌కి పోలేదు బాబూ," అంది సత్యవతమ్మ. "పోయి ఏం అమ్ముతాను? దారిలో మొదటి బేరం మీ ఇల్లే."

తర్వాత ఫారం సంగతి చెప్పాను. నేనేమీ సాయం చెయ్యను, పక్కన కూర్చుంటాను, మీరు నింపుతూ మనసులో అనుకున్నది పైకి అనండి చాలు అన్నాను.

"పైకి అనమంటున్నాడే లక్ష్మీ, తర్వాత బాధపడితే మన పూచీ లేదు."

ఫోన్ కోడలిది. చదివేదీ నొక్కేదీ లక్ష్మి, జవాబు చెప్పేది అత్తగారు. ఊళ్ళో చాలా ఇళ్ళల్లో ఇంతేనట. ఫారం ఒక్క మనిషి ఒంటరిగా నింపుతుందనుకుని తయారుచేశాను నేను.

"గంప ఎంత దూరం మోస్తారు అని అడుగుతున్నాడత్తా. ఒక కిలోమీటరు, రెండు, మూడు..."

"మెడ విరిగేదాకా అని లేదా?"

"లేదు."

"అయితే మూడు నొక్కు."

ఎనిమిది దాకా నవ్వుతూనే సాగింది. తొమ్మిది వచ్చింది. వైవాహిక స్థితి. లక్ష్మి చదివింది. "పెళ్ళి కాలేదు. వివాహిత." ఆగింది.

నోరు మూసుకోవాలన్న నా నియమం నేనే తప్పాను. "ఇంకోటి ఉంది కదమ్మా."

"ఉందండి."

"చదువు."

"చదవనండి."

మర్యాదగానే అంది. కానీ ఫోన్ కొంచెం దూరంగా పట్టుకుంది, వేడి గిన్నె పట్టుకున్నట్టు.

"రెండోది నొక్కెయ్యవే," అంది సత్యవతమ్మ. లక్ష్మి నొక్కింది. తర్వాతి పేజీ. మీ భర్త ప్రస్తుతం చేసే పని ఏమిటి?

"చూడు బాబూ, ఇక్కడే వస్తుంది తంటా. ఏం చెప్పమంటావు? పద్నాలుగేళ్ళుగా ఆయన పైలోకంలో ఏం చేస్తున్నాడో నాకేం తెలుసు? కబురేమైనా పంపాడా?"

తనే నవ్వింది. లక్ష్మి నవ్వలేదు. సత్యవతమ్మ గొంతు తగ్గించింది.

"దాని మొగుడు సముద్రం మీదున్నాడు. సోమవారం పొద్దున పోయారు ఏడుగురూ. పడవ ఒడ్డుకి తగిలేదాకా ఆ మాట ఇది నోటితో అనదు, దాని మీద వేలూ పెట్టదు. నా కోసమైనా సరే. నేనూ పెట్టమనను. నా కొడుకు కాదూ వాడు?"

"మేలో నొక్కారు కదమ్మా. ఇరవై మంది."

"మేలో పడవలెక్కడున్నాయి? వేట నిషేధం కదా. అందరి మొగుళ్ళూ ఇంటి దగ్గరే, తిని పడుకుని. అప్పుడు ఏం నొక్కమన్నా నొక్కుతారు."

"మొన్న పదకొండు, పన్నెండు తేదీల్లో?"

"గాలి కదా ఆ రెండ్రోజులూ. పడవలు దిగలేదు."

అంతే. మూడు వారాల నా లెక్కలు. నిషేధం జూన్ పద్నాలుగుతో అయిపోయింది. సర్వే ఇరవైన మొదలైంది. ఏప్రిల్ మధ్య నుంచి పడవలు ఒడ్డునే ఉంటాయని యానాంలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నేను పుట్టింది ఇక్కడే.

లేవబోతుంటే సత్యవతమ్మ అంది, "ఇదంతా టీచరమ్మకి ఎప్పుడో చెప్పాను. వాళ్ళ స్కూలు కాయితాల్లో ఇలాగే వస్తే, ఆ గడి ఖాళీగా వదిలేసి తర్వాత తనే రాసుకునేది. నీకు చెప్పలేదా?"

"చెప్తానంది," అన్నాను.

గుమ్మం దిగుతుంటే వెనకాల నుంచి అడిగింది. "అవును బాబూ, నువ్వేం నొక్కుతున్నావు అలాంటి చోట?"

వినపడనట్టు స్కూటర్ స్టార్ట్ చేశాను.

జూలై 18

0001 తెరిచాను. పొద్దున ఆరింటికి, వరండా మెట్టు మీద కూర్చుని.

జవాబులన్నీ సత్యవతమ్మవే. మెడ నొప్పి ఉంది. ఆటో ఆపరు. తొమ్మిదిలో 'వివాహిత'. తర్వాతి పేజీలో నాలుగు నిమిషాలు. వెనక్కి. మళ్ళీ ముందుకి. భర్త పని: ఇతరములు. చివర, ఇంకేమైనా చెప్పాలనుకుంటున్నారా అన్న పెట్టెలో ఇలా ఉంది.

"ఏమండీ, ఇది మీకే. తొమ్మిదిలో మూడో మాట ఇప్పుడైతే నొక్కుతారు. వేట మొదలైతే ఎవరూ నొక్కరు. ఇంట్లో ఒక్కడు నీళ్ళ మీద ఉన్నా నొక్కరు. మీరు కాకినాడ వెళ్ళిన రోజు నేనైనా నొక్కను. మీకు స్థితి ఎందుకసలు? ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారని అడిగి ఊరుకోండి. సరిపోతుంది. పెరుగు లేదు, బయటికి వెళ్తే తెండి."

మూడుసార్లు చదివాను.

నెల పైన తొమ్మిది రోజులు. జవాబు నా దగ్గరే ఉంది. దీన్ని తెరవలేక ఊరంతా వెతికాను.

ఆ రోజు పెరుగు తేలేదు.

జూలై 19

తేజస్విని యానాం వచ్చింది. విషయం చెప్పాను. ప్రశ్న మారుద్దామన్నాను.

"సార్, సర్వే నడుస్తుండగా ప్రశ్న ముట్టుకోకూడదని మొదటి రోజే చెప్పారు మీరు. నా నోట్సులో ఎర్రగీత కింద రాసుకున్నాను."

"చెప్పాను."

"సగం మందికి ఒక ప్రశ్న, సగం మందికి ఒక ప్రశ్న. ఎలా కలుపుతాం?"

"కలపకపోతే వీళ్ళు నడుస్తూనే ఉంటారు."

"అది వేరే సంగతి సార్."

"అదే సంగతమ్మా."

తర్వాత తనే అంది, పాత జవాబుల్ని పాత గుర్తుతో, కొత్తవాటిని కొత్త గుర్తుతో ఉంచుదాం, ఏ తేదీన ఎందుకు మార్చామో నివేదికలో దాచకుండా రాద్దాం, వ్యాన్‌కి సంబంధించిన ప్రశ్నలు రెండింట్లోనూ ఒకటే కాబట్టి అవి కలుస్తాయి అని. సరిగ్గా చెప్పింది. సంస్థకి రాశాం. సాయంత్రానికి ఒప్పుకున్నారు, గడువు మాత్రం పెంచేది లేదన్నారు.

కొత్త తొమ్మిదో ప్రశ్న: ప్రస్తుతం ఇంట్లో మీతో ఎవరెవరు ఉంటున్నారు? భర్త, కొడుకు, కోడలు, కూతురు, మనవలు, ఇంకెవరైనా. ఉన్నవాళ్ళందరినీ నొక్కొచ్చు. చివర్న, ఎవరూ లేరు, నేను ఒక్కరినే. లేనివాళ్ళ గురించి ప్రశ్న రాదు. వేటలో ఉన్నవాళ్ళు ఇంట్లో ఉన్నట్టే.

ఆగిపోయినవాళ్ళకి మళ్ళీ పంపే మెసేజ్ తేజస్విని రాసింది. "మీరు మధ్యలో ఆగింది మీ వల్ల కాదు, మా ప్రశ్న వల్ల. దాన్ని మార్చాం. ఇంకొక్కసారి చూడండి." నేనైతే ఇంత బాగా రాసేవాణ్ణి కాదు. దుర్గ రాసేది.

వెళ్తూ గుమ్మంలో అడిగింది. "మొదట ఎవరు నింపుతారు సార్?"

జూలై 20

నేనే నింపాను.

ఎవరో ఒకరిగా నింపుదామనుకున్నాను. లూయిస్‌గా మొదలుపెట్టి మానేశాను. నాలాగే నింపాను. చేపల ప్రశ్నలకి సంబంధం లేదని కొట్టుకుంటూ తొమ్మిదికి వచ్చాను.

సాయంత్రం తేజస్విని ఫోన్. "సార్, మీ రికార్డులో తొమ్మిదో పేజీలో పదకొండు నిమిషాలు చూపిస్తోంది. సర్వర్ ఆగిందా?"

"లేదు."

"మరి?"

"ప్రశ్న బాగానే ఉంది. పంపెయ్."

జూలై 23

94. నిన్న, ఈ రోజు మధ్యలో ఆగినవాళ్ళు ఒక్కరే. అది కరెంటు పోయి.

జూలై 24

ఏడింటికి కేక వినిపించింది. తలుపు తీశాను. సత్యవతమ్మ గంప దించి, నా మొహం పరకాయించి చూసి, "మీటింగ్ లేదా?" అంది.

పచ్చి మెత్తళ్ళు తీసుకున్నాను. మామూలుగా దుర్గ తీసుకునేటంత తూచబోయింది. సగం చాలన్నాను. తక్కెడ పట్టుకుని ఒక్క క్షణం ఆగి, సగం తీసేసింది. మామిడికాయ వేసి వండాను. ఉప్పు ఎక్కువైంది. తిన్నాను.

లక్ష్మి మొగుడు వాళ్ళ పడవ మొన్నే వచ్చిందట. బాగా పడ్డాయట.

జూలై 26

117.

రేషన్ కార్డు వివరాలు మళ్ళీ తెరిచి సరిచేశాను. ఓటీపీ నా ఫోన్‌కే వచ్చింది.

జూలై 27, ఆదివారం

లూయిస్‌తో ఏటి గట్టుకి వెళ్ళాను. నీళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. బాగున్నాయి. వాడు ఒక గంట మాట్లాడకుండా కూర్చున్నాడు, వాడి లెక్కలో అది పెద్ద త్యాగం. చివరికి, "ఆకలేస్తోందిరా జాడీ," అన్నాడు.

జూలై 29

134. రోజూ పెరుగుతోంది గానీ నెమ్మదిగా. మిగిలినవాళ్ళు ఫారం అసలు తెరవనివాళ్ళు. కొందరికి ఫోన్లో డేటా లేదు, కొందరికి ఫోనే లేదు, పక్కింటివాళ్ళ నంబరు ఇచ్చారు. వెబ్ సర్వే అంటేనే ఇలాంటివాళ్ళు జారిపోతారు. పుస్తకాల్లో దానికొక పేరుంది. ఇక్కడ వాళ్ళకి పేర్లున్నాయి.

జూలై 30

మధ్యాహ్నానికి 143. ఇంకా ఏడు. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి లింకు మూసేస్తారు.

మూడింటికి సత్యవతమ్మ ఇంటికి వెళ్ళాను. జాబితా లక్ష్మి చదివింది. తెరవనివాళ్ళ పేర్లు ఒక్కొక్కటీ వినిపిస్తుంటే సత్యవతమ్మ వేళ్ళు మడుస్తూ పోయింది. అమ్మన్న భార్య, ఊళ్ళో లేదు. చిన్న సూరమ్మ, ఉంది. కాలవగట్టు నాగరత్నం, ఉంది, ఫోన్ లేదు. ఆంథోనీ వాళ్ళమ్మ, ఉంది, ఫోన్ అంటే భయం. వేళ్ళు పది అయ్యాక ఆపేసింది.

"ఏడుగురేగా నీక్కావాల్సింది?"

"ఏడుగురే."

"పదిమందిని నిలబెడతాను. ఇద్దరు ముగ్గురు నసిగినా నీ ఏడు నీకుంటాయి. ఐదున్నరకల్లా మలుపు దగ్గర వేపచెట్టు కింద ఉంటాం, గంపలు ఎత్తుకునే ముందు. ఆలస్యం చేశావంటే ఆగం. చేప ఆగదు."

"వస్తాను."

"ఫోన్లు తెచ్చుకో. మా లక్ష్మిదొక్కటీ సరిపోదు. ఇంకోటి, కుర్చీ తెచ్చుకో బాబూ. నువ్వు నేల మీద కూర్చుంటే మాకు బాగోదు, నిలబడితే నీకు బాగోదు."

లక్ష్మి గుమ్మం దాకా వచ్చింది. వాళ్ళాయన పడవ మళ్ళీ నిన్న వెళ్ళిందట. "రేపు నేను చదివి పెడతానండి అందరికీ. ఇప్పుడు చదవకూడనిదేం లేదు కదా అందులో," అంది.

"లేదమ్మా. టీచరుగారు తీయించేశారు."

తల ఊపింది. ఆశ్చర్యపోలేదు.

ఇంటికొచ్చి దుర్గ ఫోన్ చార్జింగ్ పెట్టాను. ఇవాళ పని కోసమే పెట్టాను. తాళం నంబరు తీసేశాను, ఎవరి చేతిలోనైనా తెరుచుకునేలా.

రేపు పొద్దున్న ఐదింటికి బయల్దేరతాను. నా ఫోన్, దుర్గ ఫోన్, లూయిస్ ఇస్తానన్న మడతకుర్చీ స్కూటర్ ముందు పెట్టుకుంటాను. దుర్గ ఫోన్ లక్ష్మి చేతికిచ్చి చదవమంటాను. ఆరున్నరకల్లా గంపలు కదలాలి, వాళ్ళని ఆపను. ఏడు పూర్తయితే తేజస్వినికి ఫోన్ చేస్తాను. తర్వాత వాళ్ళ వెనకాలే మార్కెట్ దాకా నడిచి, ఎంత దూరమో చూసి, వచ్చేటప్పుడు పెరుగు తెస్తాను.